బ్రేకుల రోజు

"కోడలు బయట కూర్చుంది. ఎవరికీ కనపడదు," అని మా అత్త వీధి గుమ్మంలో ఎవరితోనో చెబుతున్నప్పుడు నేను నిజంగా బయటే ఉన్నాను. కాకపోతే కారు కింద.

మా ఇంట్లో అది ఆనవాయితీ. కారుకు బ్రేకులు చూడాల్సిన రోజున నాకు ముట్టు వస్తుంది. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "రేపు బ్రేకులు చూడాలె" అంటాడు. మా అత్త తలూపుతుంది. తెల్లారేసరికి పెరటి తలుపు మూసేస్తారు. అంగడి పనిమీద ఇంటికి వచ్చినవాళ్ళు నీళ్ళకోసమైనా పెరట్లోకి రారు. కోమటి ఇంటి కోడలు చీర చెంగు నడుముకు బిగించి మోటారు కింద వెల్లకిలా పడుకుందంటే కొంటా ఊళ్ళో మాకు మర్యాద మిగలదు. అందుకని మా అత్తకు తోచిన దారి అది. మగవాళ్ళు ఆ మాట వినగానే తల తిప్పుకుంటారు, ఆడవాళ్ళు నాలుగడుగుల దూరంలో ఆగిపోతారు. అంతకంటే గట్టి గోడ ఏ మేస్త్రీ కట్టలేడు.

కొంటాలో మాది ఒక్కటే సొంత కారు. అడవిశాఖలో పనిచేసి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర మా ఆయన భూషణం కొన్నాడు. చింతపండు, కరక్కాయ, లక్క కొని దిగువకు పంపే ఇంటికి కారెందుకని మా మామగారు బతికుంటే అడిగేవాడు. లేడు గనక ఎవరూ అడగలేదు. కారుతోపాటు సీతారాములు అనే డ్రైవరు వచ్చాడు. బ్రేకులు బిగించేటప్పుడు లోపల కూర్చుని పెడలు తొక్కడానికి ఒక మనిషి కావాలి. మా ఆయన తొక్కుతూ కూర్చుంటే అంగడి ఎవరు చూస్తారు? నన్ను కూర్చోబెట్టారు. "తొక్కండమ్మా. వదలండమ్మా. ఇంకోసారి తొక్కండమ్మా." కాలు తొక్కుతుంటే కళ్ళు ఖాళీగా ఉంటాయి గదా. చూశాను. ఏ కడ్డీ ఏ చక్రానికి పోతుందో, ఏ మర తిప్పితే పట్టు బిగుస్తుందో, డ్రమ్ములోపల రెండు చంద్రవంకలు ఎట్లా విచ్చుకుని చక్రాన్ని ఆపుతాయో అన్నీ చూశాను. తర్వాత యుద్ధం వచ్చింది. సీతారాములు మిలిటరీ లారీలు తోలడానికి పోయాడు. మా ఆయన ఒక్కసారి కారు కింద దూరాడు. స్ప్రింగు ఎగిరి బొటనవేలి మీద కొట్టింది. బయటికి వచ్చి వేలు నోట్లో పెట్టుకుని, "ఏమే, వాడు చేస్తుంటే చూసినవు గదా, ఆ ముక్క ఎక్కడ తగిలించాల్నో చూడు" అన్నాడు. చూశాను, తగిలించాను. అప్పట్నుంచి ఆ పని నాది. పేరు ఆయనది. "భద్రాచలం నుంచి జగదల్పూర్ దాకా నా మోటారుకు నేనే మెకానిక్కును" అని అంగట్లో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు గానీ రాజమండ్రి నుంచి సబ్బు తెప్పించేవాడు. గోళ్ళలో నలుపు ఉంటే ఎవరైనా చూస్తారని.

చేతుల నిండా గ్రీజు గనక వంటింట్లోకి రానివ్వరు, అదొక సుఖం అనుకున్నాను మొదట్లో. కాదని సాయంత్రానికే తెలిసింది. బ్రేకుల పని అయ్యాక గొడ్లచావిడి ఊడ్పు, పెరటి అంట్లు, చింతపండు గింజ తీయించడం, బయట ఉన్న మనిషి చెయ్యగల పనులన్నీ నాకోసం ఆగి ఉండేవి. నిజంగా ముట్టు వచ్చిన రోజులు వేరే. ఆ విధంగా ఊరి దృష్టిలో నేను నెలకు రెండేసిసార్లు బయట కూర్చునేదాన్ని. ఎదురింటి కాశయ్యగారి భార్య జాలిపడి, అడవికి పోయే హిడ్మే అనే మనిషి చేత ఏదో వేరు తెప్పించి పంపింది. "పొద్దున్నే నూరి మింగమనండి పాపం, మనిషి ఎండిపోతున్నది." మా అత్త దాన్ని పుచ్చుకుని నా చేతిలో పెట్టింది. నవ్వకుండా పెట్టింది. "మింగు. ఆమె మళ్ళ అడుగుతది," అంది. మింగాను.

ఇన్నేళ్ళలో ఈ పని ఆయన కోసం చేశాను, ఇంటి కోసం చేశాను. ఈసారి మాత్రం నా కోసం. ఇంకా చెప్పాలంటే సుశీల కోసం.

సుశీల మా ఒక్కతే కూతురు. పన్నెండో ఏడు. ఇక్కడి బడిలో ఉన్న నాలుగు తరగతులూ అయిపోయాయి. తర్వాత ఏముందంటే చెర్ల ఉంది. మా అత్త అన్నగారి మనవడు చెర్లలో ఉన్నాడు. దసరా దాటగానే మాట ఖాయం చేసుకుందామని ఆమె ఉబలాటం. నా ఉబలాటం జగదల్పూర్‌లో ఆడపిల్లల బడి. అక్కడ మా ఆడబిడ్డ ఉంది, ఆమె ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. ఈ మాట మా ఆయన చెవిలో వేసి ఎన్నిసార్లు చీవాట్లు తిన్నానో! చివరికి మొన్న ఆషాఢంలో ఏ కళన ఉన్నాడో, "సరే, దసరాకు రాజుగారి ఉత్సవమని రాజ్యమంతా జగదల్పూర్ పోతది, మనమూ పోతం. అప్పుడే దింపి వద్దాం," అన్నాడు. వెంటనే వేలు చూపించాడు. "బ్రేకులు బాగుంటేనే. మధ్యల కొండ ఘాటీ ఉన్నది. బ్రేకులు లేని బండిల పిల్లను ఎక్కించ." ఆ మాటలో తప్పు లేదు. అందుకే దానికి ఎదురు చెప్పలేదు. నా కూతురి చదువు నాలుగు డ్రమ్ములకు తగిలించి ఉందని మాత్రం అర్థమైంది.

ప్రయాణం రేపు. జాకీ పెట్టి ముందు చక్రం విప్పి డ్రమ్ము లాగాను. వాసన కొట్టింది.

ఆముదం.

వేలు పెట్టి చూశాను. డ్రమ్ము లోపలంతా జిగటగా మెరుస్తోంది. పోయిన నెల నేను కూర్చుని ఒక్కో రాగి రివెట్టు కొట్టి అతికించిన బ్రేకు పట్టీలు ఆముదం పీల్చుకుని, నానబెట్టిన అటుకుల్లా ఉబ్బి ఉన్నాయి. రెండో ముందు చక్రం విప్పాను. అదీ అంతే. వెనక రెండూ పొడిగా ఉన్నాయి.

"ఆయతూ!"

ఆయతు దొర్ల తెగ మనిషి. మా ఎడ్లబండి తోలేవాడు, సీతారాములు పోయాక కారు తోలడం నేర్చుకున్నాడు. రేడియేటరుకు నీళ్ళు మోస్తున్నవాడు బిందె దించి వచ్చాడు.

"ఇందులో ఆముదం ఎవరు పోశారు?"

"నేనే పోసిన అమ్మ. నువ్వే చెప్పినవంట గదా."

"నేనా?"

"అయ్య అన్నడు. 'అమ్మ చెప్పింది, చక్రం కూస్తున్నది, కందెన గొట్టం తెచ్చి పొయ్యి' అన్నడు." ఆయతు నా మొహం, డ్రమ్ము మొహం మార్చి మార్చి చూశాడు. "నాకు అప్పుడే అనుమానం అమ్మ. నువ్వు చెప్తే నాకే చెప్తవు గదా, అయ్యకెందుకు చెప్తవు అనుకున్న."

నేను చేసిన పని ఆయన పేరు మీద నడుస్తుందని తెలుసు. ఆయన చేసే పని నా పేరు మీద నడుస్తుందని ఇప్పుడే తెలిసింది.

జరిగిందేమిటో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. యుద్ధంలో అసలు పట్టీలు దొరకవు. బియ్యం మిల్లు యంత్రానికి వాడే మందపాటి నూలు బెల్టు ముక్కలు కోసి పట్టీలుగా వేస్తున్నాను. అవి కొత్తలో అరుస్తాయి. వారం క్రితం నాయబ్ తహసీల్దారుగారిని కచేరీ దాకా దింపడానికి మా ఆయన కారులో ఎక్కించుకున్నాడు. ఆపిన చోటల్లా కీచుమంది. తహసీల్దారుగారు దిగుతూ, "సేఠ్‌జీ, గాడీలో పిల్లిని పెంచుతున్నారా?" అన్నాడట. మా ఆయన అక్కడ నవ్వాడు. ఇంటికి వచ్చి నవ్వలేదు. "దాన్ని అరవకుండ చెయ్యి," అన్నాడు. "కొన్నాళ్ళు అరుస్తుంది, అరిగి కుదురుకుంటుంది, అరవనివ్వండి," అన్నాను. "నలుగురిల నా పరువు తీస్తుంటే అరవనిస్తనా?" అన్నాడు. నేను అంట్లు తోముకోవడానికి పోయాను. ఆయన ఆయతును పిలిచాడన్నమాట. మా ఇంట్లో తరతరాలుగా వచ్చిన యంత్రవిద్య ఎడ్లబండి ఇరుసు దగ్గర ఆగిపోయింది. ఇరుసు అరిస్తే ఆముదం పోస్తారు. అరిచేది ఏదైనా పోస్తారు. నోరు మూసుకుంది గనక బాగుపడిందనుకుంటారు. తర్వాత కారు అంగడి దాకా పోయి వచ్చింది, అంతే. చదును నేల. ఎవరికీ ఏమీ తెలియలేదు.

మా ఆయన పెరటి తలుపు తీసి వచ్చాడు. వెనకే మా అత్త.

"ఏంది, ఇంక చక్రాలు కిందనే ఉన్నయి?"

"ఆముదం పోయించారు."

"ఎవడు?" అని ఆయతు వైపు చూశాడు.

"మీరు."

"అరుస్తుంటే ఏం చెయ్యమంటవ్? ఇరుసుకు కందెన పెట్టమా?"

"ఇరుసు తిరగాలి. ఇది ఆపాలి."

"సరే, తుడిచెయ్యి."

"పీల్చుకుంది. తుడిస్తే పోదు. ఉడకబెట్టినా పోదు. ఆ పట్టీలు ఇక పొయ్యిలోకే."

అప్పుడు ఆయన మొహంలో ఒక మార్పు చూశాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. భారమేదో దించుకున్న మనిషిలా భుజాలు సడలాయి. "అయితే ప్రయాణం మానుకుందాం. నేను ముందే చెప్పిన, బ్రేకులు లేంది పిల్లను ఎక్కించనని. వచ్చే దసరాకు చూద్దాం తీ."

"అమ్మవారే ఆపింది," అంది మా అత్త వెంటనే. "మంచిదైంది. చెర్లకు మనిషిని పంపురా భూషణం."

ఇద్దరూ లోపలికి పోయారు. ఎంత తేలిగ్గా అయిపోయింది! నేను డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కావాలనే పోయించాడా అని ఆలోచించాను. లేదు. అంత దూరం చూసే మనిషి కాదు. ఎవడో నవ్వకుండా ఉండాలనుకున్నాడు, అంతే. కావాలని చేసి ఉంటే పోట్లాడవచ్చు, ఏడవవచ్చు, అన్నం మానేయవచ్చు. ఇక్కడ పోట్లాడటానికి ఎదురుగా ఎవరూ లేరు. నా కూతురి చదువు ఆగిపోవడానికి ఆయన దాని గురించి చెడ్డగా అనుకోనక్కర్లేదు. అసలు దాని గురించి ఏమీ అనుకోకపోతే చాలు. నా పెళ్ళి కూడా ఇలాగే జరిగింది. మా నాన్న నన్ను చదివించకూడదని ఎన్నడూ అనలేదు. ఆ ఏడు మిర్చి ధర బాగుందని ముహూర్తం పెట్టించాడు. చెడ్డవాళ్ళు లేని ఇళ్ళలో ఆడపిల్లలకు జరిగేది అంతా ఇలా ఏదో ఇంకో పని మధ్యలో జరిగిపోతుంది.

గుమ్మం పక్కన సుశీల నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో! జడ కొస నోట్లో పెట్టుకుని నములుతోంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి పంపేసేదాన్నేమో.

బెల్టు ముక్క ఇంకొకటి ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు. హాల్లో మా ఆయన ఉయ్యాల బల్లకు రెండు వైపులా ఉంది. ఇనుము దొరకని రోజుల్లో గొలుసు తెగిపోతే, మిల్లు నుంచి తెచ్చిన బెల్టులో మంచి పొడుగు ముక్క చూసి దానికి కట్టించుకున్నాడు. నా బ్రేకులకు ఇచ్చింది మిగిలిన తుంపులు.

తోలు కోసే కత్తి తీసుకుని లేచాను.

పెరటి గుమ్మం దాటి, వంటింటి పక్కనుంచి నేరుగా హాల్లోకి పోయాను. మా ఆయన ఉయ్యాల మీద ఉన్నాడు. ఎదురుగా కుర్చీలో కాశయ్యగారు. లోపలి గుమ్మంలో మా అత్త, పసుపు కుంకుమ పళ్ళెంతో కాశయ్యగారి భార్య. నవరాత్రుల పేరంటం పిలవడానికి వచ్చినట్టుంది. నన్ను చూసి అందరూ ఒక్కసారి బిగుసుకుపోయారు. మోచేతుల దాకా నలుపు, నుదుటి మీద నలుపు, చేతిలో కత్తి.

"ఏంది, ఏంది!" మా అత్త గొంతు కీచుగా లేచింది. "పండగ పూట, బయటున్న మనిషివి, లోపలికొస్తవా? దేవుడింటి ముందర..."

"నేను బయట లేనత్తయ్యా. కారు కింద ఉన్నా."

నేను మా ఆయన దగ్గరికి పోయాను. "లేవండి. ఆ బెల్టు కావాలి, బ్రేకులకు."

మా ఆయన కాశయ్యగారి వైపు చూసి నవ్వబోయాడు. "ఆ ఆయతుగాడు తెమ్మని ఉంటడు..."

"బ్రేకులు నువ్వే చేసుకుంటనంటివి గద భూషణం?" అన్నాడు కాశయ్యగారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. పాపం నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నేనే. అంటే, నేను చెప్తుంట, ఈమె చేస్తది."

"ఏం చెప్తారో నేను ఒక్కసారి కూడా వినలేదు," అన్నాను. "సీతారాములు పోయినప్పట్నుంచి నేనే చేస్తున్నానండి. మా ఆయన అంగట్లో ఉంటారు."

కాశయ్యగారి భార్య పళ్ళెం కిందపెట్టి దగ్గరికి వచ్చింది. "అయితే వదినా, నెల నెలా ఆ రెండోసారి..."

"గ్రీజు, వదినా."

"మరి నేను పంపిన వేరు?"

"మింగాను."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వు. ఆపుకోలేని నవ్వు. కాశయ్యగారు దగ్గాడు. మా అత్త గోడకు ఆనుకుంది. ఆ నవ్వు మధ్యలో మా ఆయన లేచాడు. కోపంతో లేచాడో, ఆ గదిలో కూర్చోలేక లేచాడో నాకు అనవసరం. లేచాడు. నేను స్టూలు లాక్కుని ఎక్కి బెల్టు కోశాను. ఒక పక్క బల్ల దభాలున కింద పడింది. రెండో పక్క కోసి, రెండు ముక్కలూ భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చేశాను. ముక్కలు నిమ్మచెట్టు నీడలో పరిచి చంద్రవంకకు కొలుచుకున్నాను.

పని మంచిది. పని దగ్గర ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ట్యాంకులోంచి గిన్నెడు పెట్రోలు తీసి డ్రమ్ములు కడిగాను, మళ్ళీ కుంకుడు రసంతో కడిగాను, వేలు పెడితే జారకుండా గరుకుగా తగిలేదాకా తుడిచాను. పాత రివెట్లు ఉలితో నరికి తీశాను. కొత్త బెల్టును చంద్రవంక మీద పరిచి, బిగించి, బరమాతో బెజ్జాలు వేశాను. రివెట్టు తల పట్టీలోకి దిగిపోవాలి. పైకి ఉంటే డ్రమ్మును గీరేస్తుంది. మధ్యనుంచి మొదలుపెట్టి కొసలకు కొట్టుకుంటూ పోవాలి. కొసల నుంచి కొడితే నడుమ ఉబ్బుతుంది. ఇది నాకు సీతారాములు చెప్పలేదు. రెండుసార్లు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

పెడలు దగ్గర సుశీలను కూర్చోబెట్టాను.

"తొక్కవే. ఊ. వదులు."

"అమ్మా, నేను సరిగ్గా తొక్కకపోతే నన్ను పంపరా?"

"నువ్వు తొక్కు. సరిచూసే పని నాది."

ఒక్కో చక్రం చేత్తో తిప్పి చూసుకున్నాను. నాలుగూ ఒక్కలాగే పట్టాలి. ఒకటి ముందు పట్టుకుంటే బండి ఆ పక్కకు లాగుతుంది. ఎడమ ముందుది కొంచెం తొందరపడుతోంది. మర అర చుట్టు వదులు చేశాను. మళ్ళీ తొక్కించాను. ఆయతు కారు తీసుకుని శబరి రేవు ఏటవాలు దాకా పోయి వచ్చాడు. దిగి, పళ్ళు బయటపెట్టి, "గుంజ పాతినట్టు నిలబడ్డది అమ్మ," అన్నాడు.

పొద్దు వాలే వేళ మా ఆయనకు చెప్పాను, బ్రేకులు అయ్యాయని, రేపు పోవచ్చని.

ఆయన హాల్లో చాప మీద కూర్చుని ఉన్నాడు. ఉయ్యాల బల్ల గోడకు ఆనించి ఉంది. "నేను రాను," అన్నాడు.

"ఎందుకు?"

"ఆడదాని చేతి బ్రేకులు నమ్ముకొని ఘాటీ దిగిండంటే ఊరు నవ్వదా?"

"ఇన్నేళ్ళూ దిగుతూనే ఉన్నారు గదా."

"అప్పుడు ఊరికి తెల్వదు."

అబద్ధం చెప్పలేదు. మా ఆయనలో నాకు నచ్చేది అదే. అడిగితే ఉన్నమాట అనేస్తాడు. ఆ మాట విన్నాక నాకు ఆయన మీద కోపం కూడా సరిగ్గా రాలేదు. నా పట్టీలు ప్రాణం కాపాడతాయని ఆయనకు తెలుసు. పరువు కాపాడవని కూడా తెలుసు. రెండిట్లో ఏది పెద్దదో ఆయనకు ఎప్పుడూ సందేహం లేదు.

"అయితే మీరు ఉండండి. ఆయతు తోలుతాడు. నేను తీసుకుపోయి పిల్లను దింపుతాను."

"వాడు తోలొద్దూ? ఏరా ఆయతూ, ఈమె బ్రేకులతోటి ఘాటీ పోతవా?"

వసారాలో ఉన్న ఆయతు తల గోక్కున్నాడు. "ఎప్పుడూ అమ్మ బ్రేకులే గదయ్యా."

మా ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. అటువైపు తిరిగే మాట్లాడాడు. "పో. దింపి రా. కాదన్నననే మాట నాకొద్దు. నువ్వు వచ్చినంక దీపావళికి నేనే మనిషిని పంపి పిల్లను పిలిపిస్త. మా అక్క కాదంటదా? తమ్ముని మాట ఆమె ఎన్నడు కాదన్నది? చెర్లోళ్ళను ఆ లోపల మాట్లాడిపెడ్త."

ఇదంతా గట్టిగా అనలేదు. రేపు ఏ కూర వండాలో చెబుతున్నట్టు అన్నాడు. తలుపు వెనక సుశీల గాజులు కదిలిన చప్పుడు వినపడింది.

పొద్దున్నే బయల్దేరాం. మా అత్త సుశీలకు పెరుగన్నం మూట కట్టి ఇచ్చింది, నెత్తి మీద చెయ్యి పెట్టింది. నాతో మాట్లాడలేదు. ఎదురింటి అరుగు మీద నుంచి కాశయ్యగారి భార్య చెయ్యెత్తి ఊపింది. మా ఆయన అంగడి తెరవడానికి తొందరగా పోయాడని చెప్పారు. నేను ముందు సీట్లో ఆయతు పక్కన కూర్చున్నాను. ఈ కారులో ఆ చోట కూర్చోవడం అదే మొదలు. కింద పడుకున్నప్పుడు, పెడలు తొక్కినప్పుడు తప్ప దీని ముందు భాగం నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు.

దారి పొడుగునా జనం జగదల్పూర్ వైపు నడుస్తున్నారు. భుజాన కావళ్ళు, నెత్తిన బుట్టలు, చంకలో పిల్లలు. వాగుల దగ్గర దిగి కారు తోయించుకున్నాం. సుక్మా దాటాం. సుశీల వెనక సీట్లో కాసేపు పాటలు పాడింది, కాసేపు నిద్రపోయింది, కాసేపు ఊరికే కిటికీలోంచి చూసింది. ఒక్కసారి మాత్రం అడిగింది. "దీపావళికి ఎవరిని పంపుతారమ్మా?" ఎవరినో నాకు తెలియదన్నాను. అది నిజం. ఎవరు వచ్చినా ఏం జరుగుతుందో తెలుసు. మా ఆడబిడ్డ చెడ్డది కాదు. గుమ్మంలో తమ్ముడి మనిషి నిలబడితే పిల్ల గుడ్డలు మూట కట్టి ఇస్తుంది. కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంటుంది. కానీ ఇస్తుంది.

ఘాటీ మొదట్లో, ఎక్కబోయే ముందు, రేడియేటరుకు నీళ్ళు పొయ్యడానికి ఆపాం. ఆయతు బొక్కెనతో వాగులోకి దిగాడు. నేను నాలుగు డ్రమ్ములూ చేత్తో ముట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి, అన్నీ ఒక్కలాగే. ఆయతు నీళ్ళు పోసి మూత బిగిస్తుంటే చెప్పడం మొదలుపెట్టాను.

"పోయేటప్పుడు అంతా ఎక్కుడే, వీటితో పెద్ద పని లేదు. పని పడేది వచ్చేటప్పుడు. రెండో గేరులోనే దిగు. పెడలు మీద కాలు ఊరికే ఆనించి ఉంచకు. తొక్కు, వదులు, మళ్ళీ తొక్కు. ఇది నూలు బెల్టు, వేడికి కాలుతుంది. సగం దిగాక ఆపి చల్లారనివ్వు. తొందరపడి డ్రమ్ము మీద నీళ్ళు పొయ్యకు, పగులుతుంది. మాడిన వాసన వస్తే ఎక్కడ ఉంటే అక్కడ ఆపి చక్రానికి రాయి పెట్టు. కొంటా చేరాక ఎడమ ముందు చక్రం ఒక్కటి విప్పించి చూడమని అయ్యతో చెప్పు."

ఆయతు బొక్కెన పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"గివన్ని నాకెందుకు చెప్తున్నవ్ అమ్మ? నువ్వు పక్కనే ఉంటవు గదా."

నేను అన్న మాటలు నాకే మళ్ళీ వినపడ్డాయి. దిగు. ఆపు. రాయి పెట్టు. అయ్యతో చెప్పు. ఒక్కదాంట్లోనూ నేను లేను. ఇంతసేపూ ఒంటరిగా తిరిగి పోయే మనిషికి దారి చెబుతున్నాను. కారు అద్దంలోంచి సుశీల నా వైపే చూస్తోంది. మా ఆడబిడ్డ ఇంట్లో నేను ఎక్కువ రోజులు ఉంటే ఏమంటారో ఆలోచించాను. ఏమీ అనరు. మా ఇళ్ళలో ఆడమనిషి వస్తే ఒక నోరు ఎక్కువైందని ఎవరూ లెక్కపెట్టరు, రెండు చేతులు వచ్చాయని లెక్కపెడతారు. ఆ రెండు చేతులు మొదటిసారి నాకు పనికి వస్తాయి.

"ఉండను ఆయతూ," అన్నాను. "దీపావళికి పిల్ల కోసం మనిషి వస్తాడు. ఆ రోజు తలుపు తీసేది నేనై ఉండాలి."